జుట్టు వ్యక్తిది, చర్మం వర్గానిది: అనిమే పాత్రల వర్ణరచన

జపాన్ యానిమేషన్ అయిన అనిమేలో పాత్ర ముఖంలో గీతలు చాలా తక్కువ. రెండు పెద్ద కళ్లు, ముక్కు ఉందనిపించే చిన్న నీడ, ఒక్క గీతలో తేలిపోయే నోరు, కొనదేరిన గడ్డం. ఒకే చిత్రకారుడు గీసిన అయిదుగురు కథానాయికల బొమ్మలు తీసుకుని జుట్టు చెరిపేస్తే, ఎవరు ఎవరో చెప్పడం ఆ చిత్రకారుడి అభిమానులకు కూడా కష్టమే. ఇతర దేశాల కార్టూన్లలో ముక్కు, దవడ, చెవులు కలిసి చేసే పనిలో ఎక్కువ భాగం ఇక్కడ జుట్టు మీద పడింది. దాని ఆకారం పాత్రను దూరం నుంచే గుర్తుపట్టిస్తుంది. దాని రంగు ఆ పాత్ర ఎలాంటిదో ముందుగా సూచిస్తుంది. ముక్కోపమా, మితభాషిత్వమా, అమాయకత్వమా, మనుషులకు అందని రహస్యమా అన్నది మొదటి సంభాషణకు ముందే ప్రేక్షకుడి మనసులో కొంతవరకు స్థిరపడుతుంది.

చర్మం సంగతి వేరు. జుట్టుకు ఇంద్రధనుస్సులోని ఏ రంగైనా చెల్లుతుంది. చర్మం మాత్రం అత్యధిక పాత్రల్లో ఒకే లేత వన్నెలో ఉంటుంది. ఆ వన్నె మారితే ప్రేక్షకుడికి అందే సంకేతం కూడా మారిపోతుంది. జుట్టు రంగు ఆ మనిషి స్వభావాన్ని చెబితే, చర్మం రంగు ఆ మనిషి ఏ గుంపుకు చెందినదో చెబుతుంది. అనిమే వర్ణరచనలోని గొప్పతనానికీ లోపానికీ మూలం ఈ తేడాలోనే ఉంది.

చాలా అనిమేలకు మూలం జపాన్ బొమ్మల కథలైన మాంగా. మాంగా ప్రధానంగా నలుపు తెలుపుల్లో అచ్చయ్యే కళ. వారపత్రికలు చౌక కాగితం మీద ఒకే సిరాతో వందల పేజీలు ముద్రిస్తాయి. ఆ పరిమితిలో చిత్రకారుడికి జుట్టు విషయంలో మిగిలేవి మూడే దారులు: సిరాతో పూర్తిగా నింపడం, చుక్కల స్క్రీన్‌టోన్ అతికించడం, తెల్లగా వదిలేయడం. పక్కపక్కన నిలబడే ముగ్గురికి ఈ మూడూ పంచితే పాఠకుడు తడబడడు. తెల్లగా వదిలిన జుట్టు బంగారు రంగుదా, వెండి రంగుదా, లేత గోధుమ రంగుదా అన్నది ముఖచిత్రానికి రంగులు వేసినప్పుడో, కథ టీవీకి ఎక్కినప్పుడో తేలుతుంది. ఈనాడు అభిమానులు లోతైన అర్థాలు వెతికే జుట్టు రంగుల్లో కొన్ని ఇలా అచ్చుయంత్రం అవసరంగా మొదలైనవే.

అకీరా తోరియామా ‘డ్రాగన్ బాల్’ (1984–1995) దీనికి చక్కని ఉదాహరణ. కథానాయకుడు గోకు జుట్టు నల్లనిది, నాలుగు దిక్కులకూ మొనలు తేలినది. వారం వారం, బొమ్మ బొమ్మలో ఆ జుట్టంతా సిరాతో నింపడం సహాయకుడికి గంటల తరబడి పని. 1991లో గోకు ‘సూపర్ సయాన్’గా మారే ఘట్టం వచ్చింది. ఆ రూపంలో జుట్టును తెల్లగా వదిలేస్తే సిరా పని తప్పుతుందని తోరియామా భావించారు. ఈ కారణాన్ని తర్వాత ఆయనే చెప్పారు. అనిమేలో ఆ తెలుపు బంగారు రంగయింది. స్నేహితుణ్ణి చంపిన శత్రువు ముందు నిలబడిన గోకు కోపం, దుఃఖం, కొత్త శక్తి మూడూ ఒక్క రంగు మార్పులో ప్రేక్షకుడికి అందాయి. శ్రమ తగ్గించుకోవడానికి చేసిన ఎంపిక ఆ తర్వాత వచ్చిన ఎన్నో యుద్ధకథలకు వ్యాకరణమయింది. జుట్టు వెలిగితే యోధుడు తన హద్దు దాటాడని అర్థం. ఆ పాత్రకే తర్వాతి చిత్రాల్లో ఎర్ర జుట్టు, నీలి జుట్టు కూడా వచ్చి, ఒక్కో రంగూ ఒక్కో మెట్టుగా స్థిరపడ్డాయి.

రంగుల అనిమేకు దాని సొంత పరిమితులు ఉండేవి. జపాన్ తొలి పూర్తినిడివి రంగుల యానిమేషన్ చిత్రం ‘హకుజాదెన్’ను తోయెయ్ సంస్థ 1958లో విడుదల చేసింది. 1963 జనవరి 1న టీవీలో మొదలైన ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ నలుపు తెలుపుదే. 1965లో ఆయన ‘జంగిల్ ఎంపరర్’ రంగుల్లో వచ్చింది. పారదర్శకమైన సెల్ పలక ముందువైపు గీతలు, వెనకవైపు రంగులు. ప్రతి రంగూ ముందే కలిపి సీసాలో పోసి, సంఖ్య వేసి ఉంచినది. జుట్టుకు మామూలు రంగు ఒకటి, నీడ రంగు ఒకటి, నెత్తిమీద వలయంలా మెరిసే వెలుగుకు ఇంకొకటి. చర్మానికీ అలాగే మామూలు వన్నె, నీడ వన్నె. రాత్రి దృశ్యానికి, సంధ్యవేళకు, వానకు వేరే వరుసలు. ఏ పాత్రకు ఎక్కడ ఏ సంఖ్య రంగు వాడాలో నిర్ణయించే వృత్తి అలా పుట్టింది. జపాన్ స్టూడియోల్లో దానికి ‘షికిసాయ్ సెక్కెయ్’ అని పేరు. తెలుగులో వర్ణరచన అనవచ్చు. ఈ వృత్తికి గౌరవం తెచ్చినవారిలో మిచియో యసుదా (1939–2016) ముందువరసలో ఉంటారు. తోయెయ్‌లో చేరి, హయావొ మియాజాకి, ఇసావొ తకహాతాలతో దశాబ్దాలు పనిచేసిన ఆమె ‘నౌసికా’ (1984) మొదలు ‘ది విండ్ రైజెస్’ (2013) వరకు ఎన్నో చిత్రాలకు రంగులు నిర్ణయించారు. దర్శకుల పేర్లు ప్రపంచమంతా తెలిసినా, ఆ చిత్రాల్లో గడ్డి ఏ ఆకుపచ్చలో ఉండాలో, ఒక పిల్ల జుట్టు ఎంత గోధుమ రంగులో ఉండాలో తేల్చిన ఆమె పేరు అభిమానుల్లో కూడా తక్కువమందికి తెలుసు. ఇది సరిదిద్దవలసిన లోటు.

సీసాల్లోని రంగులు పాత్రల రూపాన్ని ఎంతగా శాసించాయో రూమికో తకహాషి ‘ఉరుసెయ్ యత్సురా’ చూపుతుంది. 1978లో మొదలైన ఆ మాంగాలో లమ్ అనే గ్రహాంతర యువతి జుట్టును తకహాషి రంగు పుటల్లో పలు వన్నెలు మెరిసేలా వేసేవారు. 1981లో టీవీకి వచ్చేసరికి కదిలే ప్రతి బొమ్మలోనూ ఆ మెరుపు వేయడం సాధ్యమయ్యే పని కాదు. లమ్ జుట్టు ఆకుపచ్చగా స్థిరపడింది. ఆ తర్వాత లోకమంతటికీ ఆమె ఆకుపచ్చ జుట్టు పిల్లే. 1990ల చివర నుంచి కంప్యూటర్ సెల్‌ను క్రమంగా తొలగించింది. జిబ్లీ స్టూడియో పూర్తిగా కంప్యూటర్ రంగులతో తీసిన తొలి చిత్రం 1999 నాటి ‘మై నైబర్స్ ది యమదాస్’. సెల్ మీద కడదాకా నిలిచిన టీవీ ధారావాహిక ‘సజయె-సాన్’ కూడా 2013లో కంప్యూటర్‌కు మారింది. సీసాల లెక్క పోయింది. సీసాల కాలంలో స్థిరపడిన అర్థాలు మాత్రం పోలేదు.

రంగును స్వభావంతో ముడిపెట్టడం జపాన్‌లో అనిమేతో మొదలు కాలేదు. కబుకి రంగస్థలం మీద ‘కుమదోరి’ అనే ముఖరేఖలు ఉన్నాయి. ఎర్ర రేఖలు వీరుడి ఆవేశానికి, ధర్మాగ్రహానికి గుర్తు. నీలి రేఖలు దుష్టుడికి, పగబట్టిన ప్రేతానికి. గోధుమ రేఖలు రాక్షసులకు, మనిషి కాని జీవులకు. అయితే రేఖల కింద ముఖమంతా పూసే అడుగు పూత చెప్పేది వేరు. తెల్ల పూత ఉన్నత వంశీకులకు, సజ్జనులకు, సుకుమారులైన ప్రేమికులకు. ముఖమంతా ఎర్ర పూత పూసుకుని వచ్చేవాడు ‘అకత్సురా’: దుష్టుడి మోటు అనుచరుడు. అదే ఎరుపు రేఖగా ఉంటే వీరరసం, పూతగా ఉంటే తక్కువ స్థాయి. రేఖ స్వభావాన్ని, పూత అంతస్తును చెప్పే ఈ విభజన అనిమేలో జుట్టుకూ చర్మానికీ మధ్య మళ్లీ కనిపిస్తుంది. ఒకటి మరొకదాని నుంచి నేరుగా దిగివచ్చిందని చెప్పవలసిన పని లేదు. ఆ చూపుకు అలవాటుపడిన సమాజమే రెండింటికీ ప్రేక్షకులుగా ఉందని గుర్తిస్తే చాలు. విగ్గులూ మాట్లాడేవి. నో నాటకాల్లో మద్యప్రియుడైన సముద్రజీవి ‘షోజో’ ఎర్రని జుట్టుతో వస్తాడు. ‘రెంజిషి’ అనే కబుకి నృత్యంలో తల్లో తండ్రో అయిన సింహానికి తెల్ల జూలు, పిల్ల సింహానికి ఎర్ర జూలు. అనుభవం తెలుపు, ఉరకలెత్తే ప్రాయం ఎరుపు.

ఆధునిక కాలంలో ఈ సంకేతాలను పిల్లలందరికీ నేర్పినది అనిమే కాదు, మనుషులు నటించిన టీవీ కార్యక్రమం. 1975లో షోతారో ఇషినోమోరి రూపకల్పనతో ‘హిమిత్సు సెంతాయ్ గొరెంజర్’ మొదలయింది. అయిదుగురు యోధులు, అయిదు రంగుల దుస్తులు. ఎరుపు నాయకుడు. నీలం నిబ్బరంగల రెండోవాడు. పసుపు బలశాలి, కూర అన్నం అంటే ప్రాణమిచ్చే హాస్యగాడు. గులాబి జట్టులోని ఏకైక స్త్రీ. ఆకుపచ్చ చిన్నవాడు. ఆ కార్యక్రమం నుంచి పెరిగిన పరంపర కొత్త కొత్త జట్లతో దశాబ్దాల పాటు సాగింది. జపాన్‌లో రెండు మూడు తరాలవారు ఎరుపు అంటే ముందుకు దూకేవాడనీ, నీలం అంటే ఆలోచించి అడుగు వేసేవాడనీ బడికి వెళ్లకముందే నేర్చుకున్నారు. దుస్తుల మీది ఆ రంగులే అనిమేలో నెత్తికెక్కాయి.

నవొకో తకెఉచి ‘సెయిలర్ మూన్’ మాంగాగా 1991లో, అనిమేగా 1992లో మొదలయింది. అందులో ఈ రంగుల జట్టు ఆడపిల్లల జట్టయింది. అక్కడ మరో పొర కూడా ఉంది. జపాన్ వారి గ్రహాల పేర్లలో పంచభూతాల వంటి మూలకాలు ఇమిడి ఉంటాయి: బుధుడిలో నీరు, కుజుడిలో నిప్పు, గురుడిలో చెట్టు. బుధగ్రహ యోధురాలు అమి నీటిని ప్రయోగిస్తుంది, తరగతిలో అందరికంటే బాగా చదివే బిడియస్తురాలు, జుట్టు నీలం. స్వభావం, మూలకం, జుట్టు మూడూ ఒకే రేఖ మీద నిలిచిన పాత్ర ఆమె. కుజగ్రహ యోధురాలు రెయ్ విషయంలో ఎరుపు దుస్తులకే పరిమితం. ఆమె షింతో ఆలయంలో సేవ చేసే పిల్ల. ఆ సంప్రదాయానికి తగినట్టు జుట్టు పొడవైన నలుపు. సంకేతాలన్నిటినీ ఒకే పాత్ర మీద కుప్పపోయకుండా జుట్టుకు ఒకటి, దుస్తులకు ఒకటి పంచిన ఈ తీర్పు వల్లే రెయ్‌లో గుడి ప్రశాంతతా నిప్పు దుందుడుకుతనమూ రెండూ నిలిచాయి.

నీలి జుట్టుకు నేటి అర్థాన్ని ఇచ్చినది మాత్రం 1995 నాటి ‘నియోన్ జెనెసిస్ ఇవాంజెలియన్’. యొషియుకి సదమోతొ గీసిన అయనామి రెయ్‌కి లేత నీలి జుట్టు, ఎర్రని కళ్లు, రక్తం లేనట్టు పాలిపోయిన చర్మం. మాట తక్కువ, ముఖంలో భావం ఇంకా తక్కువ. ఆమె సాధారణ శిశువుగా పుట్టినది కాదన్న రహస్యం కథలో చాలా ఆలస్యంగా బయటపడుతుంది గాని, ఆ రంగులు మొదటి భాగం నుంచే దాన్ని చెబుతూ ఉంటాయి. ఆమె ఎదురుగా నిలబడే అసుకకు నిప్పు ఛాయగల రాగి జుట్టు. జర్మన్ రక్తం కలిసిన పిల్ల. గర్వం, కోపం, గెలవాలన్న తపన. వీరిద్దరి మధ్య నలిగే షింజికి ఏ ప్రత్యేకతా లేని ముదురు జుట్టు. ఈ త్రికోణం తర్వాత వచ్చిన ఎన్నో అనిమేలకు అచ్చుగా మారింది. ‘నదెసికో’లో రురి (1996), ‘హరుహి సుజుమియ’లో యుకి నగతో (2006) వంటి లేత రంగు జుట్టు మౌనబాలికలు రెయ్ వారసులే. ఎరుపు వైపు ‘షకుగన్ నొ షన’ (2005) కథానాయిక ఉంది. మామూలప్పుడు ఆమె జుట్టు నలుపు. కత్తి దూసినప్పుడు జుట్టూ కళ్లూ నిప్పులా ఎర్రబడతాయి.

మిగతా రంగులకు అర్థాలు ఇంత గట్టివి కావు. గులాబి 1982 నాటి ‘మింకీ మోమొ’ వంటి మంత్రబాలికల నుంచి చిన్నతనానికీ ప్రేమకూ గుర్తు. ఆకుపచ్చ, ఊదా ఎక్కువగా మనిషికాని, అర్థంకాని పాత్రలకు పోతాయి. బంగారు జుట్టు కొన్నిచోట్ల విదేశీయతకు, కొన్నిచోట్ల సంపన్నతకు, ‘నరుతో’లో అల్లరికీ వెలుగుకూ. వెండి, తెలుపు జుట్టు యువకుడి నెత్తిన ఉంటే వయసును మించిన శక్తి. అర్ధ రాక్షసుడైన ఇనుయాష నుంచి ‘జుజుత్సు కైసెన్’లోని గొజొ సతొరు వరకు ఆ వరుస పొడవైనది. ఈ అర్థాలను నిఘంటువులా పట్టుకుంటే పొరపాటు పడక తప్పదు. ‘మిరాయి నిక్కి’లోని గులాబి జుట్టు పిల్ల యునొ ప్రేమ పేరుతో హత్యలు చేస్తుంది. గులాబికి ప్రేక్షకుడు అప్పజెప్పిన మెత్తదనమే అక్కడ భయాన్ని రెట్టింపు చేస్తుంది. సంకేతం అందరికీ తెలిసినది కనుకనే దాన్ని తిరగేయడం సాధ్యమయింది.

నలుపు గురించి విడిగా చెప్పవలసి ఉంది. జపాన్ సమాజంలో నల్లని తిన్నని జుట్టు గుర్తింపు లేని గుర్తు; అందరిలో ఒకడని చెప్పేది. అది చాలా పాఠశాలల్లో నియమం కూడా. పుట్టుకతోనే గోధుమ రంగు జుట్టు ఉన్న విద్యార్థినిని పదేపదే నల్లరంగు వేసుకోమని ఒత్తిడి చేశారని ఒసాకా ప్రాంతంలో 2017లో దావా పడింది. 2021లో న్యాయస్థానం 3,30,000 యెన్ల పరిహారం చెల్లించమంది, అయినా జుట్టు నియమాన్ని మాత్రం చట్టవిరుద్ధమనలేదు. టోక్యో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇలాంటి నియమాలను 2022లో ఎత్తివేశారు. ఇంతకాలం జుట్టు రంగు మార్చడం అంటే తిరుగుబాటని పిల్లలకు అనుభవంలో తెలుసు. తకెహికొ ఇనొఉయె ‘స్లామ్ డంక్’ (1990–1996) కథానాయకుడు సకురాగి ఎర్రజుట్టుతో వచ్చేసరికి అతడు తగాదాకోరు విద్యార్థి అని వేరే చెప్పవలసిన అవసరం లేకపోయింది. తన పొరపాటు వల్ల జట్టు ఓడిపోయాక అతడు గుండు చేయించుకుని మైదానానికి వస్తాడు. ఆ గుండు ఒప్పుకోలు, క్షమాపణ, క్రీడాకారుడిగా పునర్జన్మ. ‘బ్లీచ్’లో ఇచిగొ నారింజ జుట్టు పుట్టుకతో వచ్చినది, అది చూసి వీధి రౌడీలు అతడి మీదికి వస్తూ ఉంటారు. లోకం చేసే తప్పు అంచనాను మోస్తూ తిరగడమే అతడి స్వభావాన్ని దిద్దింది.

ఈ విషయం మీద అన్నిటికంటే సున్నితమైన కథ ‘డీమన్ స్లేయర్’లోని కన్రోజి మిత్సురిది. మాంగాగా 2016–2020 మధ్య వచ్చిన ఆ రచన మీద తీసిన ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ చిత్రం 2025 సెప్టెంబరులో తెలుగు డబ్బింగ్‌తోనూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ థియేటర్లలోకి వచ్చింది కనుక ఆ పాత్రలు ఇక్కడి యువతకు కొత్తవారు కారు. మిత్సురి జుట్టు పైన గులాబి, కొసల్లో ఆకుపచ్చ: చెర్రీ ఆకులో చుట్టిన మొచి మిఠాయి రంగులు. ఆ మిఠాయి అతిగా తినడం వల్ల జుట్టు అలా అయిందని కథ చెబుతుంది. పెళ్లిచూపులకు వచ్చినవాడు ఆమె బలాన్ని, తిండిని, ఆ జుట్టు రంగును ఎగతాళి చేసి వెళ్లిపోతాడు. ఆమె జుట్టుకు నల్లరంగు వేసుకుని, ఆకలి చంపుకుని, చేతకానిదానిలా నటిస్తూ కొంతకాలం బతుకుతుంది. చివరికి ఆ నటన వదిలి తన రంగుతోనే యోధుల దళంలో చేరుతుంది. అనిమే జుట్టుకు ఏ రంగైనా సహజమే అన్న కళారీతినీ, జుట్టు నల్లగానే ఉండాలన్న సమాజ నియమాన్నీ ఆ రచన ఒకే పాత్ర మీద ఎదురెదురుగా నిలబెట్టింది. అదే కథలో జెనిత్సు జుట్టు పిడుగు పడి పసుపు రంగుకు మారింది. తంజిరో ఎర్ర ఛాయ జుట్టు, కళ్లు నిప్పుతో పనిచేసే కుటుంబాలకు శుభసూచకమని ఒక కమ్మరి అంటాడు. రంగులకు కారణాలు చెప్పని కథలే ఎక్కువ. కారణం చెప్పినప్పుడు ఆ కారణం కథే అవుతుంది.

అందుకే జుట్టు రంగు మారే ఘట్టాలకు అనిమేలో ప్రత్యేక స్థానం. ‘టోక్యో ఘౌల్’లో పుస్తకాల పురుగైన కనెకి చిత్రహింసల గదిలో నల్లజుట్టు పోగొట్టుకుని తెల్లజుట్టుతో లేస్తాడు, అతడి మెతకదనం ఆ గదిలోనే మిగిలిపోతుంది. మియాజాకి ‘హౌల్స్ మూవింగ్ క్యాజిల్’ (2004) ఈ మార్పును ఇంకా మానవీయంగా చూపింది. మాంత్రికుడు హౌల్ బంగారు జుట్టు అతడు మందులతో తెచ్చిపెట్టుకున్నది. సోఫీ స్నానాల గది సర్దడంతో సీసాలు తారుమారై జుట్టు నారింజకు తిరుగుతుంది, తర్వాత నల్లబడుతుంది. అందం లేని బతుకు ఎందుకని అతడు కూలబడతాడు. అక్కడి నుంచి కథ ముగిసేవరకు అతడి జుట్టు నలుపే. అద్దం కోసం బతికే యువకుడు ఇతరుల కోసం పోరాడే మనిషిగా మారే ప్రయాణమంతా ఆ నల్లజుట్టుతోనే సాగుతుంది. ఇంకోవైపు శాపంతో ముసలిదైన సోఫీ మళ్లీ యువతి అయినా జుట్టు వెండిగానే మిగులుతుంది. ఆమె దాన్ని పోగొట్టుకున్నదానిగా చూడదు. జిబ్లీ పాత్రల జుట్టు సాధారణంగా నలుపు, గోధుమ రంగులు దాటదు. ఆ సంయమనం వల్లే ఇక్కడ ఒక్కో మార్పుకూ అంత బరువు వచ్చింది.

కోహెయ్ హొరికొషి ‘మై హీరో అకాడెమియా’ (2014–2024)లో తొదొరొకి షోతో ఈ కళకు పరాకాష్ట అనదగినవాడు. తలలో కుడి సగం తెలుపు, ఎడమ సగం ఎరుపు. ఎరుపు తండ్రిది, నిప్పు శక్తి. తెలుపు తల్లిది, మంచు శక్తి. తన కీర్తికాంక్ష తీర్చగల బిడ్డ కోసమే తండ్రి ఆ పెళ్లి చేసుకున్నాడు. భర్త హింసకు మనసు చెదిరిన తల్లి, బిడ్డ ఎడమవైపు భర్త రూపాన్ని చూసి సలసల కాగే నీళ్లు పోసింది. ఆ కంటి చుట్టూ మచ్చ మిగిలింది. నిప్పు వాడనని ఒట్టు పెట్టుకున్న కొడుకు, క్రీడోత్సవంలో తోటి విద్యార్థి మాటతో ఆ శక్తి తనది, తండ్రిది కాదని గ్రహించి మొదటిసారి ఎడమచేత మంట లేపుతాడు. రెండు రంగుల జుట్టు చూడగానే చిత్రమైన అలంకారంలా అనిపిస్తుంది. కథ నడిచేకొద్దీ అది ఒక కుటుంబ చరిత్రగా, ఒక పిల్లవాడి లోపలి విభజనగా తెరుచుకుంటుంది. జుట్టు రంగు స్వభావానికి లేబుల్‌గా కాక స్వభావానికి కారణంగా మారడం ఇక్కడి సాధన.

చర్మం దగ్గరికి వస్తే ఈ స్వేచ్ఛ ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. లేత వన్నెలో ఉన్న అనిమే పాత్రలను చూసి బయటి దేశాలవారు వీళ్లంతా తెల్లవాళ్లేనా అని అడుగుతుంటారు. జపాన్ ప్రేక్షకులు ఆ ముఖాలను జపనీయులుగానే చూస్తారు. ఎవరి సమాజంలో ఎవరు సాధారణమో వారికి గుర్తులు అక్కర్లేదు, తేడా ఉన్నవారికే గుర్తులు తగిలిస్తారన్న వాదనతో మాంగా పరిశోధకురాలు రేచెల్ థార్న్ దీన్ని వివరించారు. ఆ వివరణ సరైనదే. కాని అది అక్కడితో ఆగదు. లేత చర్మం సాధారణమయినప్పుడు ముదురు చర్మం తప్పనిసరిగా ఏదో ఒక గుర్తవుతుంది. తెల్లని మేని ఛాయ ఏడు లోపాలను కప్పుతుందన్న అర్థంలో జపాన్‌లో పాత సామెత ఒకటి ఉంది. ఆ ఇష్టం తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. పెళ్లి ప్రకటనల్లో అది నేటికీ కనబడుతుంది.

ముదురు చర్మానికి అనిమే ఇచ్చిన పాత్రలు కొన్నే. మొదటిది ఎండకు కమిలిన క్రీడాకారిణి. ‘అజుమంగ దైయో’లో ఈతగత్తె కగుర ఈ కోవది: హుషారు, పోటీతత్వం, చదువు మీద తక్కువ శ్రద్ధ. రెండోది 1990ల చివర షిబుయ వీధుల్లో చర్మం నల్లబరచుకుని, జుట్టు తెల్లబరచుకుని తిరిగిన గ్యరు యువతి. అక్కడ ముదురు రంగు తిరుగుబాటు ఫ్యాషన్. ఈ రెండింటిలోనూ చర్మం రంగు తెచ్చిపెట్టుకున్నదే, పుట్టుకతో వచ్చినది కాదు. అందుకే ఇవి జుట్టు రంగులాగే స్వభావాన్ని సూచించగలిగాయి. మూడోది పరాయి మనిషి: ఎడారి యోధుడు, రహస్య దేశపు రాకుమారి, బలిష్ఠుడైన అంగరక్షకుడు. ఇక్కడ రంగు వ్యక్తి గురించి ఏమీ చెప్పదు, పరాయివాడని మాత్రమే చెబుతుంది. నాలుగోది మానవేతర వర్ణం. ‘డ్రాగన్ బాల్’లో పికొలో ఆకుపచ్చ చర్మం వంటిది. శ్రీరాముణ్ణి, కృష్ణుణ్ణి నీలి ఛాయలో చూస్తూ పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి ఈ నాలుగో రకం అన్నిటికంటే సులువుగా అర్థమవుతుంది.

ఈ చట్రాన్ని దాటిన కృతులు ఉన్నాయి, వాటిని గుర్తుంచుకోవాలి. 1990–91లో ఎన్‌హెచ్‌కేలో వచ్చిన ‘నాదియా’ను హిదెఅకి అన్నొ నడిపించారు. కథానాయిక సర్కస్‌లో పనిచేసే చామనఛాయ పిల్ల. మాంసం ముట్టదు, జంతువులను చంపనివ్వదు, చప్పున కోపం వస్తుంది, చప్పున పశ్చాత్తాపపడుతుంది. తన పుట్టుక గురించి ఆమె వెతుకులాటే కథ. చర్మం రంగు ఆ వెతుకులాటను మొదలుపెడుతుంది. ఆమె స్వభావాన్ని నిర్ణయించదు. కునిహికొ ఇకుహర ‘రెవల్యూషనరీ గర్ల్ ఉతెన’ (1997)లో గులాబి జుట్టు ఉతెన రాకుమారి కాకుండా రాకుమారుడు కావాలనుకుంటుంది. చామనఛాయ, ఊదా జుట్టు, నుదుట బొట్టుతో అంథి అందరూ గెలుచుకోదలిచిన వస్తువులా నిశ్శబ్దంగా నిలబడుతుంది. ఆ నిశ్శబ్దం వెనక ఎంత చరిత్ర, ఎంత గాయం ఉన్నాయో కథ చివరికి గాని తెలియదు. ముదురు చర్మమంటే రహస్యమైన పరాయి స్త్రీ అన్న అలవాటును ఆ రచన మొదట వాడుకుని, తర్వాత ప్రేక్షకుడి చేతనే ఆ అలవాటును అనుమానించేలా చేసింది.

చర్మం వర్గానికి గుర్తన్న సత్యాన్ని దాచకుండా ఇతివృత్తంగా తీసుకున్న రచన హిరొము అరకవ ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ (2001–2010). ఇష్వాల్ ప్రజలకు గోధుమ చర్మం, ఎర్ర కళ్లు. వారి మీద అమెస్ట్రిస్ సైన్యం సాగించిన మారణకాండ కథకు పునాది. ముఖం మీద మచ్చతో ప్రతీకారానికి తిరిగే ఇష్వాల్ సన్యాసిని మొదట హంతకుడిగా చూపి, మెల్లగా అతడి దుఃఖంలోకి పాఠకుణ్ణి తీసుకుపోతారు అరకవ. అదే సైన్యంలో ఇష్వాల్ రక్తం కొంత ఉన్న మైల్స్ అనే అధికారి నల్లకళ్లద్దాల వెనక ఎర్ర కళ్లను దాచుకుని పనిచేస్తాడు. కథానాయకుడు ఎడ్వర్డ్ బంగారు జుట్టు, బంగారు కళ్లు అందమైన అలంకారమే అని పాఠకుడు నమ్ముతాడు. అవి అంతరించిపోయిన జెర్క్సెస్ జాతి ఆనవాళ్లని తర్వాత తెలుస్తుంది. జుట్టు రంగును కూడా వర్గ చరిత్రగా చదవమని ఇంత గంభీరంగా అడిగిన అనిమేలు అరుదు.

లోపాలు కూడా దాచవలసినవి కావు. ‘పొకెమాన్’లోని జింక్స్ అనే జీవి నల్లని ముఖం, పెద్ద పెదవులతో ఉండేది. నల్లజాతివారిని వెక్కిరించే పాత అమెరికన్ బొమ్మలను అది గుర్తుచేస్తోందని 2000లో రచయిత్రి కరోల్ బోస్టన్ వెదర్‌ఫర్డ్ విమర్శించారు. తర్వాత దాని ముఖాన్ని ఊదా రంగుకు మార్చారు. 2019 జనవరిలో నిస్సిన్ నూడుల్స్ సంస్థ టెన్నిస్ క్రీడాకారిణి నవోమి ఒసాకాను అనిమే శైలిలో చూపిన ప్రకటనలో ఆమె చర్మం తెల్లగా, జుట్టు లేత గోధుమ రంగులో కనిపించాయి. విమర్శలు రాగానే సంస్థ క్షమాపణ చెప్పి ప్రకటనను ఉపసంహరించుకుంది. అది కావాలని చేసినది కాకపోవచ్చనీ, ఇకముందు తనను చిత్రించేటప్పుడు తనతో మాట్లాడితే బాగుంటుందనీ ఒసాకా అన్నారు. అలవాటైన వన్నెల పట్టికలోంచి చేయి దానంతటదే లేత రంగును అందుకోవడమే ఇక్కడి సమస్య.

సాంకేతికంగా ఆ పట్టికకు ఇప్పుడు హద్దు లేదు. ముదురు చర్మానికి నీడను నల్లగా కాక ఎర్రని, ఊదా ఛాయల్లో వేయడం, వెలుగు పడిన చోట వెచ్చదనం నిలపడం, సంధ్య దృశ్యంలో ముఖం చీకట్లో కలిసిపోకుండా కాపాడడం వర్ణరచన తెలిసినవారికి సాధ్యమైన పనులే. బ్రెజిల్‌ను తలపించే దేశంలో నడిచే ‘మిచికో అండ్ హచిన్’ (2008) చామనఛాయను ఎండలోనూ నీడలోనూ ప్రేమగా చిత్రించింది. షినిచిరొ వతనబె ‘కరోల్ అండ్ ట్యూజ్‌డే’ (2019)లో అంగారక గ్రహం మీద ఇద్దరు అమ్మాయిలు కలిసి పాటలు కట్టుకుంటారు. కరోల్ నల్లజాతి పిల్ల, భూమి నుంచి వచ్చిన శరణార్థి, కీబోర్డు వాయిస్తుంది. ట్యూజ్‌డేది బంగారు జుట్టు, సంపన్న కుటుంబం, గిటారు. కరోల్ ధైర్యం, ఆమె ఒంటరితనం, చప్పున నవ్వే గుణం ఆమె చర్మం నుంచి రాలేదు, ఆమె గడిపిన బతుకులోంచి వచ్చాయి. చాలా అనిమేల్లో జుట్టుకు మాత్రమే దక్కిన వ్యక్తిత్వం అక్కడ చర్మానికి కూడా దక్కింది.